నవ్వు తెలుగులో, అక్షరం ఇంగ్లీషులో



బడులు తెరచిన కొత్తలో ఒకనాటి ఉదయం సింధనూరు వైపు క్యాంపు నుండి ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చారు. (తుంగభద్ర ఎడమ కాలువ పారిన తరువాత కోస్తా జిల్లాల నుండి తరలివచ్చి మా రాయచూరు జిల్లాలో వరి సాగు చేపట్టిన కుటుంబాల ఊళ్లను క్యాంపులంటారు. దూరాన ఉన్న పాఠకుల కోసం ఈ వివరణ.) పిల్లవాడు ఏడవ తరగతి వరకు పట్టణంలో ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఎనిమిదవ తరగతికి మా బడిలో చేరవలసినవాడు. కర్ణాటకలో పదవ తరగతి పరీక్షకు తెలుగును ప్రథమ భాషగా తీసుకొనే వీలున్నదని మీకు తెలుసు. ఆ వీలును వదలుకోవడానికే ఆయన వచ్చారు.

“మాస్టారూ, మావాడికి ఫస్టు లాంగ్వేజి ఇంగ్లీషు రాయించండి. తెలుగు వాడికి బాగానే వచ్చండి. రోజూ రాత్రి పదకొండింటి దాకా ఫోనులో తెలుగే చదువుతాడు. చదివి చదివి ఒక్కడే నవ్వుకుంటాడు” అన్నారాయన.

ఆ మాటకు నాకు సంతోషమే కలిగింది. ఏమి చదువుతున్నావు బాబూ అని అడిగాను. పిల్లవాడు సిగ్గుపడుతూ తండ్రి ఫోను తీసుకొని చూపించాడు. హాస్యనటుడు బ్రహ్మానందం ముఖం, దాని కింద రెండు పంక్తులు. మాటలు అచ్చమైన తెలుగు మాటలు, ఇళ్లలో అనుకొనే మాటలు. అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. నేను ఒక కాగితం మీద ఆ రెండు పంక్తులనే తెలుగు లిపిలో రాసి చేతికిచ్చాను. క్షణం క్రితం తాను చదివి నవ్విన వాక్యమే అది. పిల్లవాడు మొదటి మాట కూడబలుక్కొన్నాడు, రెండవ మాట ఊహించాడు, మూడవ మాటలో ఒత్తు దగ్గర ఆగిపోయాడు.

తండ్రి కొంతసేపు ఆ కాగితం వంక చూసి, “అయితే మాస్టారూ, ఈ గుండ్రటక్షరాలు రాకపోయినా పని జరిగిపోతుందన్నమాటే కదండీ” అన్నారు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగారు. ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. దరఖాస్తు మీద సంతకం చేసి ఇచ్చాను. ఆ ప్రశ్నకు ఆలస్యంగా తోచిన సమాధానమే ఈ వ్యాసం.

పిల్లవాడు చూపించిన ఆ బొమ్మను మీమ్ అంటారు. ఈ మాట వినని పెద్దలు మనలో ఇంకా ఉన్నారు గనుక నాలుగు ముక్కలు చెప్పనివ్వండి. రిచర్డ్ డాకిన్స్ అనే ఆంగ్ల జీవశాస్త్రవేత్త 1976లో వెలువరించిన ‘ద సెల్ఫిష్ జీన్’ అనే గ్రంథంలో ఈ పదాన్ని సృష్టించారు. ఒక రాగం, ఒక నానుడి, ఒక వేషధారణ ఒకరిని చూసి మరొకరు అనుకరించడం వలన మనిషి నుండి మనిషికి ఎట్లు పాకిపోతుందో చెప్పడానికి, అనుకరణ అని అర్థమున్న గ్రీకు మాటను కత్తిరించి దీనిని తయారు చేశారు. నేటి పిల్లల వాడుకలో ఆ అర్థం చిక్కిపోయి, నవ్వు పుట్టించే ఒక బొమ్మ, దానికొక వ్యాఖ్య, అంతవరకే మిగిలింది. బొమ్మ ఒకటే, వ్యాఖ్యలు వందలు. (బహువచనంలో ‘మీములు’ అనవచ్చునని తరగతిలో చెబితే, “మీములా, మేములా సార్?” అని వెనుక బెంచీ నుండి ఒక గొంతు వినవచ్చింది. అందరితో పాటు నేనూ నవ్వాను.)

తెలుగులో ఈ సందడి ఒక్కనాడు పుట్టినది కాదు. 2010ల తొలి సగంలో ఫేస్‌బుక్ పేజీలలో సినిమా హాస్యనటుల ముఖాలకు ఇంజనీరింగు విద్యార్థుల కష్టాలను జోడించడంతో ఊపందుకొన్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై అంతర్జాలం చవక కాగానే నగరపు కళాశాలల నుండి పల్లెలకు వచ్చింది. 2018 అక్టోబరులో వాట్సాప్‌లో స్టిక్కర్లు వచ్చాక బొమ్మ పంపడం మాట పంపడమంత తేలికైంది. రెడ్డిట్‌లో ‘నీ బొంద’ అనే పేరు పెట్టుకొని ఒక పెద్ద తెలుగు హాస్య సమూహమే వెలసింది. (బొంద అంటే శవాన్ని పూడ్చే గొయ్యి అని చెప్పినప్పుడు మా తొమ్మిదవ తరగతి వారు నోళ్లు తెరచారు. రోజుకు పదిసార్లు అనే మాటకు అర్థం ఆనాడే తెలిసింది వారికి!) ఇక 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. అప్పుడు తరగతికొక వాట్సాప్ సమూహం తయారు చేసినది ఎవరు? ‘ఎట్లాగైనా ఒక ఫోను కొనిపెట్టండి’ అని కూలినాలి చేసుకొనే తల్లిదండ్రులను బతిమాలినది ఎవరు? మనమే కదా. ఆ సంగతి మరచి పిల్లలను మాత్రమే తిట్టే సహోద్యోగులను చూస్తే నాకు కొంచెం నవ్వు వస్తుంది, కొంచెం కోపం కూడ వస్తుంది.

ఈ రాజ్యానికి చక్రవర్తి ఎవరో చెప్పనక్కరలేదు. బ్రహ్మానందం గారు సినిమాలలోనికి రాకముందు పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులు. అనగా మన వృత్తివారే. 1987లో జంధ్యాల గారి ‘అహ నా పెళ్లంట’తో పేరు తెచ్చుకొన్నారు. జీవించి ఉన్న నటులలో అత్యధిక చిత్రాలలో కనిపించినవారిగా గిన్నిస్ పుస్తకంలోనికి ఎక్కారు, 2009లో పద్మశ్రీ అందుకొన్నారు. 2014లో ‘నిన్నిందలే’ అనే కన్నడ చిత్రంలో కూడ నటించారు. ఆయన ముఖంలోని విసుగు, అనుమానం, దొంగ ఏడుపు, గెలిచినవాని చిరునవ్వు నేడు తెలుగు రానివారు కూడ వాడుకొంటున్నారు. ఒక తెలుగు పండితుని ముఖం ఇంటింటికీ చేరింది. దాని కింద మాత్రం తెలుగు అక్షరం లేదు. ఈ విచిత్రం నన్ను చాలాకాలంగా పీడిస్తున్నది.

ఇదంతా పాశ్చాత్యుల వెర్రి అని కొట్టిపారేసే పెద్దలకు ఒక మనవి. అవధానంలో సమస్యాపూరణం చూసినవారికి మీమ్ మర్మం ఇట్టే బోధపడుతుంది. పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. పైకి చూస్తే అది అసంబద్ధం, ఒక్కొక్కప్పుడు వినరానిది కూడ. అవధాని మిగిలిన పాదాలు చేర్చి, ఆ అసంబద్ధతకు ఒక సందర్భం కల్పించి సభను మెప్పిస్తాడు. ఇచ్చిన పాదం మారదు, సందర్భం మారుతుంది. ఆ రెండూ అతుక్కొన్న చోట నవ్వు పుడుతుంది. మీమ్‌లో ఇచ్చిన పాదానికి బదులు ఇచ్చిన బొమ్మ ఉన్నది. ఛందస్సు ఏది, పాండిత్యం ఏది అంటారా? లేవు, ఒప్పుకొంటాను. ముక్కాలు మువ్వీసం చెత్త అని కూడ ఒప్పుకొంటాను. కాని ఒకే బొమ్మను నూరుమంది నూరు విధాల పూరించడం, ఎవరి పూరణ గెలిచినదో సభ నిర్ణయించడం, ఇది మనకు కొత్త ఆట కాదు.

చాటుపద్యాలను తీసుకోండి. ఎవరు చెప్పారో తెలియదు, ఎప్పుడు చెప్పారో తెలియదు. ఒకరి నోటి నుండి ఒకరికి పాకి, పాకిన చోటల్లా పేరు మార్చుకొని, కొన్ని శ్రీనాథుని ఖాతాలోనూ కొన్ని రామకృష్ణుని ఖాతాలోనూ పడ్డాయి. మా రాయచూరు కోటను శ్రీకృష్ణదేవరాయలు 1520లో బిజాపూరు సుల్తాను మీద గెలిచారు. ఆ రాయల సభలోనివాడని చెప్పుకొనే తెనాలి రామకృష్ణుని కథలు ఇక్కడి కన్నడ పిల్లలకూ వచ్చు, తెలుగు పిల్లలకూ వచ్చు. వాటిలో చాలా భాగం ఆ తరువాతి కాలంలో జనం కల్పించుకొన్నవే. ఎక్కడో ఒక హాస్యం పుట్టింది, దానికి పదిమంది ఎరిగిన ముఖం ఒకటి కావలసి వచ్చింది, రామకృష్ణుని ముఖం తగిలించారు. ఇప్పుడు బ్రహ్మానందం ముఖం తగిలిస్తున్నట్లే! గంభీరమైన కవిత్వాన్ని పేరడీ చేసి నవ్వించిన జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారు నేడుండి ఉంటే ఈ బొమ్మలను చూసి అసహ్యించుకొనేవారని నేను అనుకోను. వాటి అక్షరాలను చూసి మాత్రం తప్పక ఒకటి అంటించి ఉండేవారు.

చాటువులు మనకు దక్కడానికి కారణం వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటివారు వాటిని ఏరి ‘చాటుపద్యమణిమంజరి’గా అచ్చు వేయించడం. తెలుగు అక్షరాలలో నిలిచినవి గనుక నిలిచాయి. ఇక్కడే నేను అసలు విషయానికి వస్తున్నాను.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం నేటి పిల్లలు కనిపెట్టిన పాపం కాదు. కంప్యూటరులో తెలుగు అక్షరం కనబడని 1990లలో విదేశాలలోని తెలుగు విద్యార్థులు గత్యంతరం లేక అట్లే రాసుకొన్నారు. కాని వారు ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేర ప్రసిద్ధమైన పద్ధతిలో పెద్ద ‘టీ’ రాస్తే ట, చిన్న ‘టీ’ రాస్తే త. పెద్ద ‘డీ’ రాస్తే డ, చిన్నది రాస్తే ద. ణ, ళలకు కూడ పెద్ద అక్షరాలు ఉన్నాయి. దీర్ఘం దీర్ఘంగానే, ఒత్తు ఒత్తుగానే ఉండేవి. అక్షరం లేకపోయినా అక్షరభేదాన్ని వదలలేదు వారు. ఆ తరువాత యూనికోడు వచ్చింది. 2000ల నడుమ నుండి ‘లేఖిని’ వంటి పరికరాలు ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు ఇచ్చాయి. నేడు చేతిలోని ఫోనే ఆ పని చేస్తుంది. మాట పలికితే రాసి పెడుతుంది కూడ. బొమ్మల మీద రాయడానికి మంచి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాని పేరు తెనాలి రామకృష్ణ, మరొకదాని పేరు శ్రీకృష్ణదేవరాయ. కావున ‘వీలు లేక’ అనే మాట ఇప్పుడు చెల్లదు. అలవాటు, అంతే.

ఈ అలవాటులో ఏమి పోతున్నదో ఒక చిన్న సంగతి చెబుతాను. మా తరగతి సమూహంలో రాయచూరు పట్టణపు బాలుడొకడు బక్కపలుచని నటుని బొమ్మ పెట్టి, ఈ ఏడాది ఎట్లాగైనా ‘కండ’ పెంచాలి అని ఇంగ్లీషు అక్షరాలలో రాశాడు. కె, ఏ, ఎన్, డి, ఏ. క్యాంపు పిల్లవాడొకడు దానిని ‘కంద’ అని చదివి, మా పెరటిలో బోలెడు ఉన్నది, ఒక సంచి పంపించమంటావా అని జవాబిచ్చాడు. అందరూ ఆ పొరపాటుకే ఎక్కువ నవ్వారు. బాగానే ఉన్నది. కాని కల, కళ, కాల అనే మూడు మాటలూ ఆ రాతలో ఒకటే. అడ్డం, అద్దం ఒకటే. పాట, పాత ఒకటే. తెలుగు ఇంట పుట్టినవానికి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఎందుకు తెలుస్తుంది? ఆ మాట ముందే వాని చెవిలో ఉన్నది గనుక.

ఆ రైతుకు ఆ ఉదయం నేను చెప్పలేకపోయిన సమాధానం ఇదే. అయ్యా, ఇంగ్లీషు అక్షరాల తెలుగును మీవాడు చదవడం లేదు, గుర్తుపడుతున్నాడు. ముందే ఎరిగిన మాటను మాత్రమే అట్లు గుర్తుపట్టగలడు. ఎరుగని మాట ఎదురైతే అది ట అో త అో, పొట్టిదో పొడుగుదో చెప్పే ఆధారం అక్కడ లేదు. కనుక ఆ రాతలో నుండి కొత్త తెలుగు మాట ఒక్కటైనా సరిగా నేర్వలేడు. వాని తెలుగు మీ ఇంటి వసారా అంత, మీరు చూసే సినిమా అంత ఉండి, అక్కడే ఆగిపోతుంది. తెనాలిలోనో తణుకులోనో ఉన్నవానికి వీధి మిగిలినది నేర్పవచ్చు. మనకు వీధిలో కన్నడం ఉన్నది, ఉర్దూ ఉన్నది. ఆ రెండూ మనవే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ఇంటి బయట తెలుగు దొరికే చోటు ఇక్కడ పుస్తకం ఒక్కటే, ఆ పుస్తకం తలుపు ఈ గుండ్రటక్షరాలే. మీ తండ్రిగారు గోదావరి ఒడ్డు నుండి తెచ్చిన తెలుగు మీ దగ్గరకు వచ్చేసరికి కొంత తగ్గింది, మీవాని దగ్గరకు వచ్చేసరికి ఇంకొంత తగ్గింది. వాని బిడ్డకు బొమ్మ కింది ఆ రెండు పంక్తులు కూడ తెలియకపోవచ్చు. అప్పుడు నవ్వు కూడ రాదు.

మన ప్రాంతపు పిల్లలకు ఒక అదృష్టం ఉన్నది, దానిని తల్లిదండ్రులు గమనించడం లేదు. కన్నడ, తెలుగు లిపులు ఒకే తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దాల క్రితం వరకు రెండూ ఒకటే. కన్నడం చదవడం వచ్చిన పిల్లవానికి గ, జ, ద, న, బ, ర, ల వంటివి చూడగానే తెలిసిపోతాయి. తలకట్టు వంపు వేరు. క, త, శ వంటి కొన్నింటిని విడిగా నేర్పాలి. ఒత్తుల పద్ధతి రెండింటా ఒకటే. నా అనుభవంలో కన్నడం ధారాళంగా చదివే ఎనిమిదవ తరగతి బాలుడు, రోజుకు అరగంట కూర్చుంటే, మూడు నాలుగు వారాలలో తెలుగు కథల పుస్తకం చేతపట్టగలడు. హైదరాబాదులో ఇంగ్లీషు లిపి ఒక్కటే ఎరిగిన పిల్లవానికి ఈ సౌకర్యం లేదు. మన పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాల చుట్టు తిరిగి తెలుగుకు రావడం, పక్క వాకిలి వదలి ఊరంతా తిరిగి మన ఇంటికే వచ్చినట్లున్నది.

ఇంతవరకు చదివినవారు, ఈ పంతులు మీమ్‌లకు వకాల్తా పుచ్చుకొన్నాడు అనుకోవచ్చు. కాదు. నన్ను సిగ్గుపరచిన సంగతి ఒకటి ఉన్నది, అది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే దొంగతనమే అవుతుంది.

2021లో, బడులు మూతపడి ఉన్న రోజులలో, ఇంటి దగ్గర పద్యం చదివి వీడియో తీసి పంపమని పిల్లలను కోరాను. ఒక బాలునికి మాట తడబడుతుంది. అయినా వాడు ధైర్యం చేసి నాలుగు పాదాలూ చదివి పంపాడు. పది మందికీ ఆదర్శంగా ఉంటుందని నేను ఆ వీడియోను తరగతి సమూహంలో పెట్టాను. వానిని అడగలేదు. రెండు రోజుల తరువాత వేరొక పిల్లవాడు నాకు ఒక స్టిక్కరు పంపాడు. ఒక అక్షరం దగ్గర నోరు చిక్కుకొన్న ముఖం, దాని కింద ‘లోడింగ్’ అనే ఒక్క మాట. నేను చూసి నవ్వాను. ముఖం ఎవరిదో గమనించక ముందే, ఆ మాట అతికిన తీరుకు నవ్వాను. నవ్వు ముఖం గుర్తును జవాబుగా పంపాను కూడ. ఆ జవాబును పిల్లలు ఆ సమూహంలో అందరికీ చూపించారు. సారు కూడ నవ్వారు అన్నది వారికి అనుమతి పత్రం అయింది.

బడులు తెరచిన తరువాత వాడు రాలేదు. ఎనిమిది రోజులు చూసి వాళ్ల ఇంటికి వెళ్లాను. “ఏం సారూ, మావోడు బడి పేరెత్తితే వద్దంటడు. ఏమైందంటే చెప్పడు” అన్నది ఆ తల్లి. ఏమైందో నాకు తెలుసు. ఆమెకు మొత్తం చెప్పాను, నేను పంపిన నవ్వు గుర్తుతో సహా. వాడు గుమ్మం వెనుక నుండి వింటూనే ఉన్నాడు. తరువాత కొద్ది రోజులకు వచ్చాడు. పదవ తరగతి కూడ పూర్తి చేశాడు. కాని మా బడిలో ఉన్నంతకాలం మరల పైకి చదవలేదు. చదవమని అడిగే హక్కు నాకు ఉన్నదనిపించలేదు.

సినిమా నటుడు తన ముఖాన్ని నవ్వుల కోసమే లోకానికి ఇచ్చాడు, దానికి ప్రతిఫలం అందుకొన్నాడు. మన తరగతిలోని పిల్లవాడు ఇవ్వలేదు. ఈ తేడా పిల్లలకు చెబితే అర్థమవుతుంది. చెప్పవలసిన వారమే మరచిపోతున్నాము. కులం పేరు, ఒంటి రంగు, ఆడపిల్లల నడక, ఊరి యాస, వీటిమీద వచ్చే బొమ్మలను మన కుటుంబ సమూహాలలో పెద్దలమే కదా ముందుకు తోస్తున్నాము! పిల్లలు మనకంటె వేగంగా చేస్తున్నారు, అంతే. తల్లిదండ్రులకు నాదొక విన్నపం. మీ పిల్లవాని ఫోనులో నటుల బొమ్మలు ఉంటే కంగారు పడకండి. తోటి పిల్లల బొమ్మలు ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు నేను ఏమి చేస్తున్నానో చెబుతాను. ఇదేదో ఘనకార్యమని కాదు, మీలో ఎవరికైనా పనికివస్తుందేమోనని. శనివారం చివరి పీరియడులో నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక ముఖం గీస్తాను. నా చిత్రకళ గురించి అడగకండి, ఆ వంకర గీత కూడ నవ్వుకు పనికివస్తున్నది. ఫోను ఉన్నవాడు, లేనివాడు అనే భేదం ఇందులో రాదు. ఆ ముఖం ఎవరిది, ఎప్పటిది, ఏమంటున్నది అనేది ఒక్కొక్కరు ఒక చీటీ మీద తెలుగు లిపిలో రాయాలి. చీటీలు కలిపి పంచుతాను. ఎవరి చీటీ వారు చదవరాదు, మరొకరిది చదవాలి. అక్షరం తప్పితే చదివేవాడు తప్పుగానే చదువుతాడు, నవ్వు చచ్చిపోతుంది. నేను ఎర్ర సిరాతో దిద్దిన తప్పును లెక్కచేయని పిల్లవాడు, తన హాస్యం పేలకపోతే మాత్రం లేచి నిలబడి “అది ద కాదురా, డ!” అని అరుస్తున్నాడు. ముప్ఫయి ఏండ్లలో అక్షరదోషాల మీద ఇంత పౌరుషం నేను చూడలేదు.

సహోద్యోగి ఒకరు, ఇది పాఠ్యప్రణాళికలో ఎక్కడ ఉన్నదండీ అని అడిగారు. లేదు. మరొకరు, పద్యాలు చెప్పవలసిన సమయంలో వెకిలి నవ్వులేమిటి అన్నారు. వారి మాటలో కొంత నిజం ఉన్నది. కొన్ని శనివారాలు వట్టి గోలగా ముగుస్తాయి, పక్క తరగతి వారు వచ్చి తలుపు కొడతారు. అయినా, వారానికి ఒక పీరియడులో నలభై నిమిషాల పాటు ప్రతి పిల్లవాడు ఒక తెలుగు వాక్యం తానై తయారు చేసి, మరొక తెలుగు వాక్యం పైకి చదివే తరగతి వారి దగ్గర ఇంకొకటి ఉంటే చెప్పమన్నాను. వారు ఇంకా చెప్పలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఈ జిల్లాలో ఆ వారం రోజులు ఎవరికీ నిద్ర లేదు. నీరంతా నదిలోనికి పోతున్నదని విని పొలం ఉన్న ప్రతి ఇంటా పొయ్యి వెలిగించడం కూడ మరచారు. తాత్కాలికంగా ఇనుప పలకలు దించి ఆపేవరకు అదే మాట. ఆ తరువాత అర్ధసంవత్సర పరీక్షల ముందటి శనివారం నేను కళ్లు తేలవేసిన ముఖమొకటి గీశాను. ఒక అమ్మాయి రాసిన చీటీలో ఇట్లున్నది: “ప్రశ్నపత్రం చేతికి రాగానే నా జ్ఞాపకశక్తి: 19వ గేటు.” గేటులోని ఏత్వం, దీర్ఘం, అంకె, అన్నీ సరిగా ఉన్నాయి. చదివిన పిల్లవాడు నవ్వు ఆపుకోలేక మధ్యలో ఆగిపోయాడు.

మొన్నటి శనివారం బొమ్మ, చేయి నుదుటికి అడ్డం పెట్టుకొని దూరంగా చూస్తున్న మనిషి. వచ్చిన చీటీలలో ఒకటి: “కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో చదివిన చివరి ఆయకట్టు రైతు.” నల్లబల్ల మీద బొమ్మ కింద ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, ఫోటో తీసి, ఆ జూన్ ఉదయం వచ్చిన రైతుకు పంపాను. వారి నంబరు నా దగ్గర ఉండిపోయింది. గంట తరువాత జవాబు వచ్చింది. రెండు నవ్వు ముఖాలు, వాటి కింద ఇంగ్లీషు అక్షరాలలో ఒక తెలుగు వాక్యం: “మాదీ టెయిలెండేనండీ మాస్టారూ.”